శనివారం వాడిక

ఆ శనివారం పొద్దున షీనా నోటి నుంచి మామూలుగా జారిపోయిన మాటను ఉమా ఆంటీ కింద పడనివ్వలేదు.

"ఆంటీ, ఈ వారం ఇంకో రెండు వాడికలు కుదిరినయ్" అంది షీనా, పెరుగు డబ్బాల మీద మూతలు నొక్కుతూ.

గరిటె పట్టుకున్న ఉమా ఆంటీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఏం పలికినావ్?"

"వాడికలు. రెగ్యులర్‌గా పోయించుకునేవాళ్లు. యూనివర్సిటీ వెనక వీధిలో రెండిళ్లు."

"నో, నో, బేటా. వాడిక అంటే బ్రెడ్ వాన్! మా రాకిరాకిలో బ్రెడ్ వాన్‌ని వాడిక అంటాం. నీకెట్లా తెలుసు?"

ఇప్పుడు ఆగిపోవడం షీనా వంతు. క్లేటన్‌లో ఉమా ఆంటీ కొట్టు వెనక వంటగదిలో ఆర్నెల్లుగా పనిచేస్తోంది ఆ పిల్ల. ఆంటీవాళ్లది ఫీజీ. ముత్తాతలు ఎప్పుడో విశాఖపట్నం నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కారు. వాళ్ల తెలుగులో ఇప్పుడు మిగిలింది గుప్పెడు మాటలే. ఉప్పు, చారు, పండు, పడుకో, చాలు. ఆ గుప్పెట్లో ఇంకోటి దాక్కుని ఉందని షీనా కలలో కూడా అనుకోలేదు.

"వాన్ పేరే వాడికా?"

"హారన్ వినపడితే మా అవ్వ అరిచేది. 'వాడిక వచ్చిందిరో!' మేం చెరకు సందులో పడి పరిగెత్తేవాళ్లం. వేడి లోఫ్, చంకలో పెట్టుకుంటే కాలేది. మా ఆయన జైప్రకాష్ ఈరోజుకీ అది ఫీజీవాళ్ల మాట అనుకుంటాడు. ఆస్క్ హిమ్!"

"అది తెలుగు ఆంటీ! పక్కా తెలుగు! మా ఊళ్లో పాలు వాడిక పోయించుకుంటారు, పెరుగు వాడిక, పేపరు వాడిక. రోజూ ఒకళ్లే తేవడం, రోజూ ఒకళ్ల దగ్గరే తీసుకోవడం. మీ అవ్వ అంది వాన్‌ని కాదు, వాడికని!"

ఉమా ఆంటీ గరిటె గిన్నెలో పెట్టేసి స్టూలు మీద కూర్చుంది. "సో, ప్రతిరోజూ వచ్చేది కాబట్టి..." అంటూనే ఆమె కళ్లు తడి అయ్యాయి. "మా అవ్వ తెలుగు పలికింది. మేం వాన్ అనుకున్నాం" అంటూ నవ్వేసింది. చింత చచ్చినా పులుపు చావదంటే ఇదే. భాషంతా సముద్రంలో కలిసిపోయినా ఒక మాట మాత్రం రొట్టెల బండెక్కి తిరిగింది.

షీనాకు ఒళ్లంతా పులకరించింది. యూనిలో ఆమె చదివేది భాషాశాస్త్రం. ఎవరి ఇంటి భాషలోంచి వాళ్లు ఒక మాట పట్టుకొచ్చి, దాని అర్థమూ పుట్టుకా గురువారం క్లాసులో చెప్పాలి. ఆమె 'పండుగ' అని ఏదో చప్పటి మాట రాసిచ్చింది. దాన్ని కొట్టేయాలి! వందేళ్ల కిందటే తనకంటే ముందు సముద్రం దాటి తన కోసం కాచుకుని కూచున్న మాట దొరికితే పండుగ ఎవరిక్కావాలి?

ఆ రోజు ట్రాలీ తనంతట తనే నడిచినట్టుంది. మీద నీలం ఎస్కీ, అంటే ఐసుపెట్టె, అందులో ఐసు దిమ్మల మధ్య డబ్బాలు. పేవ్‌మెంటు అతుకుల దగ్గర చక్రం కీచుమంటుంది. గేటు దగ్గర ఆగి, నిండు డబ్బా ఇచ్చి, ఖాళీ డబ్బా తీసుకోవాలి. కడగకుండా ఇచ్చేవాళ్లను తిట్టాలి. ఇంజినీరింగ్ చదివే చలపతి ఎప్పుడూ కడగడు. "కడిగితే రుచి పోద్దండీ" అంటాడు. ఆ రోజు అతని పాచి డబ్బాను కూడా షీనా నవ్వుతూనే పుచ్చుకుంది. ఇక్కడ మే నెలంటే చలికాలం. ఆ చలికి పెరుగు తోడుకోదని ఉమా ఆంటీ పాలగిన్నెకు పాత స్వెటరు తొడిగి, ఓవెన్‌లో దీపం వేసి రాత్రంతా ఉంచుతుంది. అలా తోడుకున్న పెరుగు డబ్బా వంచినా కదలదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే అమ్మకు ఫోన్ చేసింది. షీనా అద్దెకుండేది బాలశౌరి అంకుల్, విక్టోరియా ఆంటీల ఇంట్లో. వాళ్లదీ గుంటూరు వైపే. ఆయన రైల్వేలో, ఆమె ఆస్పత్రిలో పనిచేస్తారు. షీనా ఏదో కొట్టులో పనిచేస్తుందని తెలుసు గానీ, శనివారాలు ట్రాలీలో ఏం తీసుకెళ్తుందో వాళ్లెప్పుడూ అడగలేదు. ఒక్కతే కూతురు నోవా, పదో క్లాసు. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు వింటుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతుంది. హాల్లో సోఫా మీద ఒక చెవికి పాట తగిలించుకుని, రెండో చెవి ఖాళీగా ఉంచుకుని పడుకుని ఉంది.

"అమ్మా, నా వాడిక పెరిగిందే!" షీనా అరుపుకు కిటికీ అద్దం అదిరింది. "ఆఁ, శనివారం శనివారం. ఉమా ఆంటీ ఇంట్లోనే తయారు చేస్తది, నేను ఇంటింటికీ వెళ్లి పోసొస్తా... అందరూ యూని పిల్లలే... అయ్యో, మామూలుగా అలవాటయిందా? చలపతి అని ఒకబ్బాయి ఉన్నాడు, వాడిక లేకపోతే ముద్ద దిగదంట! వారానికి సరిపోయేంత ఇస్తే రెండ్రోజుల్లో ఖాళీ చేసి మళ్లీ ఎప్పుడని మెసేజ్ పెడతాడు..."

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి నోవా లేచి కూర్చుని ఉంది. రెండు చెవులూ ఖాళీ. కళ్లు మాత్రం చారెడేసి.

"ఏంటి నోవా?"

"నథింగ్" అంది నోవా, మేడమెట్లెక్కి వెళ్లిపోయింది.

సోమవారం నుంచి ఆ ఇంట్లో గాలి మారింది.

మొదట షీనా గమనించలేదు. తలలో వాడిక తిరుగుతోంది మరి. లైబ్రరీలో నిఘంటువులన్నీ తిరగేసింది. 'వాడుక' ఉంది, అంటే అలవాటు, ఉపయోగం. వాడు అనే క్రియకు చివర ఒక తోక. కోరు, కోరిక. అల్లు, అల్లిక. వాడు, వాడిక! తోక దొరికిన క్షణాన లైబ్రరీ అని కూడా మర్చిపోయి బల్ల మీద చరిచింది. పక్కనున్నవాళ్లు తలలెత్తి చూశారు. చూడనీ.

సాయంత్రం ఇంటికొచ్చి, అంకుల్ కనబడగానే "అంకుల్, మీ వైపు వాడిక అంటారా?" అని అడిగింది. బాలశౌరి అంకుల్ తాగుతున్న టీ కప్పు కింద పెట్టేశాడు. "ఏమో అమ్మా" అని లేచి గరాజ్‌లోకి పోయాడు. గంట దాకా రాలేదు.

మంగళవారం విక్టోరియా ఆంటీ వరండాలో వంగి, ఎస్కీ మూత తెరిచి, లోపల ముక్కుపెట్టి గట్టిగా వాసన చూస్తూ కనబడింది. షీనాను చూసి గభాల్న మూసేసింది. ఆ రాత్రి అన్నానికి బల్ల మీద మూడే కంచాలున్నాయి. షీనా ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు కంచం సింకు పక్కన ఆరబెట్టిన చోటే బోర్లించి ఉంది. రోజూ దాన్ని తిరగేసి బల్ల మీద పెట్టేది ఆంటీయే. షీనా తనే తీసుకుని తనే పెట్టుకుని తింది. నోవా అన్నం కెలుకుతూ కూచుంది.

బుధవారం తేలిపోయింది. "ఈ నెలాఖరుకి మా చెల్లెలి కూతురు జాక్లిన్ వస్తుంది. నువ్వు వేరే రూమ్ చూసుకో" అంది ఆంటీ, గిన్నె తోముతూ, గిన్నెకే చెబుతున్నట్టు.

"నెలాఖరుకా? పరీక్షలు ఆంటీ నాకు. అయినా నేనేమన్నా..."

"ఏం లేదు. రూమ్ కావాలి. అంతే."

అంకుల్ పేపరు చూస్తున్నాడు. పేజీ తిప్పడం లేదు.

క్లేటన్‌లో సెమిస్టర్ మధ్యలో గది దొరకడం కంటే గాడిదకు కొమ్ములు మొలవడం సులువు. తెలిసినవాళ్లనందరినీ అడిగితే ఒకే ఒక్క జవాబు వచ్చింది. ఊరికి అటుచివర టార్నీట్‌లో ఎవరో వేలువిడిచిన అక్క ఇంట్లో ఒక మూల. అక్కడికి పోతే వాడిక అక్కడితో సరి. అంత దూరం నుంచి ట్రాలీ ఈడ్చుకుంటూ రాలేదు కదా. కానీ షీనాను పొడిచింది గది కాదు. 'ఏం చేశానని?' ఆ ఒక్కటి ఎవరూ చెప్పరు. తన తప్పేంటో తెలియకుండా తను నేరస్తురాలైపోయింది.

ఐనా గురువారం వచ్చింది. క్లాసులో నిలబడగానే మనసులోని బరువంతా ఎటు పోయిందో పోయింది. రాకిరాకి చెరకు సందుల్లో హారన్ మోగించింది షీనా. అవ్వను కేకేయించింది. పిల్లల్ని పరిగెత్తించింది. తమ ఊళ్లో కొందరు ఇది 'వాడ' నుంచి వచ్చిందంటారు, వాడవాడా తిరుగుతారు కాబట్టి. వినడానికి బాగుంటుంది గానీ అసలు పుట్టుక 'వాడు' అనే క్రియ అని బోర్డు మీద తోకలన్నీ వేసి చూపించింది. పైగా అదే మాటకు వాడిపోవడం అనే అర్థం కూడా ఉందని, తన పెరుగుకు అది వర్తించదని చెబితే క్లాసంతా నవ్వింది. ట్యూటర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

చివర్న ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. "అంటే సబ్‌స్క్రిప్షన్, అంతేగా?"

"అవును. దాదాపు" అంది షీనా.

ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ 'దాదాపు' చెప్పులో రాయిలా గుచ్చింది. దాదాపే. కానీ ఏది తేడా? తెలిసినట్టే ఉంది, నోటికి రావడం లేదు.

శుక్రవారం స్కూల్ నుంచి వచ్చిన నోవా, షీనా గది గుమ్మంలో నిలబడింది. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. నోవా బ్యాగు పట్టీ మెలేసింది, విప్పింది, మళ్లీ మెలేసింది.

"ఇట్స్ మై ఫాల్ట్" అంది. "ఐ టోల్డ్ దెమ్. అబౌట్ ద వోడ్కా."

"ఏ వోడ్కా?"

"యు నో. యువర్ వోడ్కా. ఎవ్రీ సాటర్‌డే. ఉమా ఆంటీ మేక్స్ ఇట్ ఎట్ హోమ్, యు పోర్ ఇట్ ఫర్ ద యూని కిడ్స్, అండ్ దట్ గై కాంట్ ఈవెన్ ఈట్ వితౌట్ ఇట్..."

షీనా నోరు తెరుచుకుంది. తర్వాత వచ్చిన నవ్వు వీధి చివరి ఇంటికి వినబడి ఉంటుంది. మంచం మీద పడి నవ్వింది, సూట్‌కేసు పట్టుకుని నవ్వింది. తాటిచెట్టు కింద కూచుని పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఇక్కడ తాటిచెట్టు కూడా లేదు, పెరుగు కాస్తా వోడ్కా అయి కూచుంది!

"వాడిక! వోడ్కా కాదే తల్లీ, వాడిక! పెరుగు! యోగర్ట్!"

"యోగర్ట్?" నోవా ముఖం ఎర్రబడింది. "ఓ మై గాడ్."

నవ్వు సగంలో ఉండగానే షీనాకు కోపం తన్నుకొచ్చింది. ఒక్కమాట. ఒకే ఒక్కమాట అడిగితే పోయేదానికి! విసవిసా వంటింట్లోకి నడిచింది. వెనకాలే నోవా.

విక్టోరియా ఆంటీ ఉల్లిపాయలు తరుగుతోంది. అంకుల్ బల్ల దగ్గర బఠాణీలు వలుస్తున్నాడు. షీనా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. వాడిక, వోడ్కా, పెరుగు, చలపతి ముద్ద, మొత్తం. ఆంటీ కత్తి ఆగింది. తాగుడు మాటెత్తితే ఆమెకు ప్రాణం పోతుంది. సొంత అన్నను తాగుడే మింగింది. ఆమె ముఖం మీద మొదట పెద్ద బరువు దిగినట్టు కనిపించింది. ఆ వెంటనే ముఖం మాడ్చుకుంది.

"సరే, పెరుగే అనుకో" అంది, మళ్లీ తరగడం మొదలుపెట్టి. "ఇప్పుడేం చేస్తాం? జాక్లిన్‌కి రమ్మని చెప్పేశాం. మాటిచ్చాక బాగోదు."

"నాతో ఒక్కమాట అనకుండా పొమ్మనడం బాగుందా ఆంటీ?"

"పెద్దవాళ్లతో అట్టాగేనా మాట్లాడేది?"

షీనాకు కళ్లనిండా నీళ్లు వచ్చాయి. ఉల్లిపాయల వల్ల కాదు. ఇక చెప్పేదేమీ లేదని వెనక్కి తిరిగింది.

"గిన్నె బోర్లించారు" అన్నాడు బాలశౌరి అంకుల్.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన చేతిలో బఠాణీ కాయ అలాగే ఉంది.

"మా అమ్మకి. బ్రాడీపేటలో ఒక పెద్దింటికి మా అమ్మ పాలు వాడిక పోసేది. పెరటి గుమ్మం బయట గిన్నె పెట్టి ఉండేది. పైనించి పొయ్యాలి, గిన్నెకి చెంబు తగలకూడదు. ఎన్నేళ్లు పోసిందో. గేదె ఒట్టిపోతే బయట కొని తెచ్చి మరీ పోసేది, వాడిక తప్పకూడదని. ఒకరోజు పొద్దున్నే పోయేసరికి గిన్నె బోర్లించి ఉంది."

"అంటే?" అంది షీనా.

"అంటే వద్దని. పాలల్లో నీళ్లు కలుపుతుందని ఎవరో చెప్పారంట. ఆమెని అడగలా. తలుపు తీయలా. మా అమ్మ చెంబు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆమె వెనకాల నేను నిలబడ్డా."

"డాడ్" అంది నోవా మెల్లిగా. "యు సెడ్ గ్రాండ్‌మా హాడ్ ఎ డైరీ ఫామ్."

"రెండు గేదెలు నాన్నా. డైరీ ఫామ్ అంటే వినడానికి బాగుంటదని. చర్చిలో అందరికీ అదే చెప్పా. మీ అమ్మకీ అదే చెప్పా."

విక్టోరియా ఆంటీ భర్త వంక చూస్తూ ఉండిపోయింది. ఆయన తల వంచుకునే ఉన్నాడు.

"నువ్వు ఆదివారం చెప్పినప్పుడే నాకు అనుమానమొచ్చింది, నోవా. వోడ్కా ఎవడన్నా డబ్బాలో పోసిస్తాడా? సోమవారం ఈ పిల్ల నన్నే అడిగింది, వాడిక అంటారా అంకుల్ అని. మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే నీకెట్లా తెలుసంటారు. అప్పుడు డైరీ ఫామ్ ఎక్కడికి పోద్ది? అందుకని గరాజ్‌లోకి పోయా. ఇక్కడ కంచం బోర్లిస్తుంటే చూస్తా కూచున్నా." ఆయన చేతిలోని కాయ కింద పెట్టేశాడు. "నన్ను క్షమించమ్మా షీనా. ఎవరు చేసినా నేను చెయ్యకూడని పని."

షీనాకు కోపం ఉంది, జాలి ఉంది. వాటి వెనకాల, ఛీ ఇప్పుడా అని తనను తానే తిట్టుకుంటున్నా, ఆగని ఆత్రం ఒకటి ఉంది. "అంకుల్, క్లాసులో ఒకబ్బాయి అడిగాడు. వాడికంటే సబ్‌స్క్రిప్షనేగా అని. నాకు చెప్పడం రాలేదు."

అంకుల్ తలెత్తి ఆలోచించాడు. "సబ్‌స్క్రిప్షన్ అయితే ఫోన్‌లో నొక్కి మానెయ్యొచ్చు. వాడిక మానాలంటే గుమ్మంలోకొచ్చి, ఎదురుగా నిలబడి, మొహం చూసి చెప్పాలి. అట్టా చెప్పలేకపోతే అది వాడికే కాదు."

అదే! షీనా గుండె గంతేసింది. నిఘంటువుల్లో ఎక్కడా లేని ముక్క, అన్నం తినే బల్ల దగ్గర దొరికింది.

విక్టోరియా ఆంటీ కత్తి కింద పెట్టి, చేతులు కడుక్కుని, తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

శనివారం షీనా వాడికలన్నీ పోసేసరికి మధ్యాహ్నం దాటింది. చలపతి ఇల్లు తాళం వేసి ఉంది. సిడ్నీ పోయాడట, మెసేజ్ పెట్టాడు, ఎదురుగా చెప్పనందుకు అతనికి వచ్చేవారం ఉంది. ఒక డబ్బా మిగిలింది. గది సంగతి ఇంకా తేలలేదు. పొద్దున ఆమె బయల్దేరేటప్పటికి ఆంటీ తలుపు తీయనే లేదు. టార్నీట్ అక్కకు ఏం చెప్పాలో ఆలోచిస్తూ ట్రాలీని వాకిట్లోకి లాక్కొచ్చింది. చక్రం కీచుమంది.

ఆ చప్పుడుకే కాచుకుని ఉన్నట్టు తలుపు తెరుచుకుంది. విక్టోరియా ఆంటీ. కళ్లు వాచి ఉన్నాయి. చేతిలో స్టీలు గిన్నె. షీనా కళ్లలోకి చూడలేక, వంగి, గిన్నెను గుమ్మం బయట మెట్టు మీద పెట్టింది, బోర్లించకుండా.

"నాక్కూడా పొయ్యమ్మా" అంది.

"విక్టోరియా." వెనక నుంచి అంకుల్ వచ్చాడు. గొంతు పెంచలేదు. "కింద కాదు. చేత్తో పట్టుకో."

ఆంటీ ఒక్క క్షణం ఆయన వంక చూసింది. తర్వాత వంగి గిన్నె తీసి, రెండు చేతులా పట్టుకుని, గుమ్మం దాటి బయటికొచ్చి షీనా ముందు నిలబడింది. షీనా డబ్బా మూత తీసింది. పెరుగు ఒక్క ముద్దగా జారి గిన్నెలో పడింది. నోవా కిటికీలోంచి తల బయటపెట్టి "ఈజ్ దట్ ద వోడ్కా?" అని అరిచింది, అందరికంటే ముందు తనే నవ్వింది.

"జాక్లిన్‌కి ఫోన్ చేశా" అంది ఆంటీ. "వీడియోలో చేశా, మొహం చూసే చెప్పా. రూమ్ లేదని. నా తప్పేనని కూడా చెప్పా." ఆమె పక్కకు జరిగి దారిచ్చింది. "నీ కంచం బల్ల మీద పెట్టా, లోపలికి రా. ఇంక ప్రతి శనివారం నాకూ వాడిక. ఎప్పుడన్నా మానాల్సొస్తే నేనే వచ్చి నీకు చెప్తా."